డ్రైవర్ లేని లారీలు వస్తున్నాయట, మా అమ్మాయిని ఏ కోర్సులో చేర్చమంటారు?

ప్రశ్న: మేం గూడూరు నుంచి చెన్నై వచ్చి ఇరవై రెండేళ్లయింది. మాధవరంలో మా ఆయనకు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, ఐదు లారీలు ఉన్నాయి. అమ్మాయి ప్లస్ టూ మ్యాథ్స్ గ్రూపులో 91 శాతంతో పాసైంది. అమెరికాలో లారీ తనంతట తానే వెళ్లే వీడియో చూసినప్పటి నుంచి మా ఆయనకు నిద్ర లేదు, పదేళ్లలో మన వ్యాపారం ఉండదంటున్నారు. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో అటానమస్ వెహికల్స్ పేరుతో బీటెక్ ఉంది, నాలుగేళ్లకు అన్నీ కలిపి 18 లక్షలు. ఒక బండి అమ్మి చేర్పిద్దామనుకుంటున్నాం. పిల్లేమో బీకామో, బీబీఏ లాజిస్టిక్సో చదివి ఆఫీసులో కూర్చుంటానంటోంది. తొమ్మిదో తరగతి నుంచి ఆదివారాలు ఆఫీసు లెక్కలు తనే రాస్తోంది. పోయిన దీపావళికి ఒక పార్టీ నాలుగు నెలలుగా ఇవ్వని హాల్టింగ్ డబ్బులు (లోడు దించకుండా బండిని ఆపి ఉంచినందుకు కట్టాల్సినవి) కనిపెట్టి వసూలు చేయించింది కూడా. కానీ లారీ ఆఫీసులో ఆడపిల్ల ఏంటండీ? రాత్రి రెండు గంటలకు ఫోన్ మోగితే నాకు ఇప్పటికీ గుండె ఆగినంత పనవుతుంది. ఈ మూడింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పోలిక అడిగారు కాబట్టి అదీ చెబుతాను. కానీ నాకు మనసులో నిలిచిపోయింది మీరు చివర్లో రాసిన రాత్రి రెండు గంటల ఫోను. దాని దగ్గరికి వస్తాను, ముందు మీ ఆయన నిద్ర సంగతి చూద్దాం.

ఆయన చూసిన వీడియో చాలా మటుకు టెక్సాస్‌లోది అయి ఉంటుంది. అరోరా అనే కంపెనీ 2025లో డల్లాస్, హ్యూస్టన్ మధ్య డ్రైవర్ లేకుండా సరుకు తోలడం మొదలుపెట్టింది. దూరం దాదాపు 385 కిలోమీటర్లు, చెన్నై నుంచి బెంగళూరు వెళ్లినంత, ఇంకాస్త ఎక్కువ. అది నిజమే, మోసం ఏమీ లేదు. కానీ ఆ వీడియోలో కనపడని సంగతులు కొన్ని ఆయనకు చెప్పండి. మొదట్లో ఆ బండ్లు పగలు, వాతావరణం బాగున్నప్పుడే వెళ్లాయి. మొదలైన కొద్ది వారాలకే, లారీ తయారు చేసిన కంపెనీ అడిగిందని డ్రైవర్ సీట్లో మళ్లీ ఒక మనిషిని కూర్చోబెట్టారు. ఆ మనిషి నడపడు, ఊరికే కూర్చుంటాడు అని అరోరా చెప్పింది, సరే, కానీ కూర్చోబెట్టాల్సి వచ్చిందా లేదా? ఆ మార్గం కూడా ఎంచి పెట్టుకున్నది. తిన్నగా పోయే హైవే, రెండు చివర్లా కంపెనీ యార్డులు. ఈ యార్డు నుంచి ఆ యార్డుకు మెషిన్ తీసుకెళ్తుంది, యార్డు నుంచి గోడౌన్‌కు, ఊళ్లో సందుల్లోకి మామూలు డ్రైవరే తీసుకెళ్తాడు.

ఇంకోటి, ఇది నిన్న మొదలైన కథ కాదు. 2016లో ఓటో అనే కంపెనీ కొలరాడోలో బీరు డబ్బాల లోడును సుమారు 190 కిలోమీటర్లు తనంతట తానే నడిచే లారీలో పంపించింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది, ఐదేళ్లలో డ్రైవర్లు ఉండరని రాసినవాళ్లున్నారు. ఆ ఓటోను కొన్న ఊబర్ 2018లో లారీల విభాగాన్నే మూసేసింది. ఇలాంటి లారీల కంపెనీయే ఇంకొకటి, స్టార్‌స్కీ, 2020లో మూతపడింది. టూసింపుల్ అనే కంపెనీ 2021 డిసెంబరులో అరిజోనాలో బండిలో ఒక్క మనిషి కూడా లేకుండా 130 కిలోమీటర్లు నడిపి చూపించింది, రెండేళ్లు తిరిగేసరికి అమెరికాలో వ్యాపారమే వదులుకుంది. ఎంబార్క్ అనే ఇంకో కంపెనీకి 2021లో 500 కోట్ల డాలర్లకు పైగా విలువ కట్టారు, 2023లో 7 కోట్ల డాలర్ల చిల్లరకు అమ్ముడుపోయింది. గూగుల్ వాళ్ల వేమో కూడా అదే ఏడాది లారీలను పక్కనపెట్టి ట్యాక్సీల మీద పడింది. ఇదంతా చెప్పేది ఆ సాంకేతికత అబద్ధమని కాదు. పదేళ్లుగా ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ డబ్బు, ఎక్కువ తెలివి ఉన్నవాళ్లు పెట్టి చూస్తే, మంచి రోడ్డున్న దేశంలో, ఎంచుకున్న కొన్ని మార్గాల్లో అది ఇప్పుడిప్పుడే నిలబడుతోంది. మీ మాధవరం ఆఫీసు తలుపు తట్టడానికి దానికి ఇంకా చాలా దూరం ఉంది.

ఎందుకంత కష్టమో మీ ఆయనకు నాకంటే బాగా తెలుసు, ఆయన ఆ వైపు నుంచి ఆలోచించలేదంతే. లోడుతో 36 టన్నులున్న బండి హైవే వేగంలో బ్రేకు వేశాక ఆగడానికి 150 మీటర్లకు పైనే కావాలి. అంటే మెషిన్ అంతకు చాలా ముందే చూడాలి, చూసింది గోనె సంచా, కుక్కా, మనిషా అని తేల్చుకోవాలి, తప్పు చేయకూడదు. అమెరికాలో బండి దారిలో ఆగిపోతే పది నిమిషాల్లో వెనక హెచ్చరిక త్రికోణాలు పెట్టాలనే రూలు ఉంది. డ్రైవరే లేనప్పుడు కిందికి దిగి అవి పెట్టేది ఎవరు అన్న ఒక్క చిన్న ప్రశ్న మీద అక్కడ కంపెనీలు, ప్రభుత్వం ఏళ్ల తరబడి వాదించుకున్నాయి. ఇప్పుడు మన రోడ్డు మీదికి రండి. తడ దాటాక ఎదురుగా రాంగ్ సైడులో వచ్చే ట్రాక్టరు, సర్వీసు రోడ్డు నుంచి చెయ్యి చూపించి హైవే ఎక్కే మోటారు సైకిలు, టార్పాలు ఎగిరి తాడు వేలాడే ముందు బండి, నవంబర్ వానలో గుంత ఎక్కడుందో తెలియని దారి. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు దగ్గర జాతీయ రహదారి తెగినప్పుడు మీ బండ్లు కూడా ఎక్కడో ఒక చోట ఆగిపోయే ఉంటాయి. ఆ రోజు ఎటు తిప్పాలి, లోడులో ఉన్నది నిమ్మకాయలైతే ఏం చేయాలి, పార్టీకి ఏం చెప్పాలి అని డ్రైవరూ, మీ ఆయనా ఫోన్లో మాట్లాడుకుని తేల్చుకున్న పనిని ఏ మెషినూ చేయలేదు.

డబ్బు లెక్క కూడా వేరు. అమెరికాలో డ్రైవర్ జీతం బండి ఖర్చులో పెద్ద వాటా, పైగా చట్టం ప్రకారం రోజుకు 11 గంటలకు మించి నడపకూడదు, అందుకే డ్రైవర్ లేకుండా రాత్రీ పగలూ తిప్పితే వాళ్లకు మిగులు. మన దగ్గర బండి ఓనరును పిండేసేది డీజిలు, టోలు, టైర్లు, ఫైనాన్సు కంతు. డ్రైవర్ జీతం, బత్తా కలిపినా వాటి తర్వాతే. లక్షలు పోసి సెన్సర్లు బిగించి ఆ బత్తా మిగుల్చుకునే ఓనరు నాకైతే ఈ చుట్టుపక్కల కనపడలేదు. కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ డ్రైవర్ లేని వాహనాలను రానివ్వమని 2017లోనే అన్నారు, 2023లోనూ అదే మాట చెప్పారు. మంత్రుల మాట మీద ఎవరి బతుకూ పెట్టమని నేను చెప్పను, ఈ లెక్క మీద పెట్టండి చాలు. ఒక్కసారి మీ ఆయన్ని అడగండి, పోయిన ఏడాది బండి షెడ్డులో నిలబడింది ఎక్కువసార్లు లోడు లేకనా, డ్రైవర్ దొరక్కనా అని. నేను కలిసిన ఓనర్లందరూ చెప్పేది రెండోదే. డ్రైవర్లు లేకపోతారేమో అని భయపడే బదులు, ఉన్న డ్రైవర్లు ఎందుకు వెళ్లిపోతున్నారో ఆలోచించాల్సిన సమయం ఇది.

నిజంగా డ్రైవర్ లేకుండా నడిచే చోట్లు కూడా ఉన్నాయి, అవీ తెలియాలి. ఆస్ట్రేలియాలో పిల్బరా ఇనుప గనుల్లో రియో టింటో కంపెనీ 2008 నుంచి డ్రైవర్ లేని టిప్పర్లను నడుపుతోంది, 1,500 కిలోమీటర్ల దూరంలో పెర్త్ ఊళ్లో కూర్చుని చూసుకుంటారు. రాటర్‌డ్యామ్ రేవులో 1990లలోనే కంటైనర్లను మోసే డ్రైవర్ లేని బండ్లు వచ్చాయి, సింగపూర్ కొత్త రేవు తువాస్‌లోనూ ఉన్నాయి. గేటు వేసి, బయటివాళ్లను రానివ్వని చోటు అయితే మెషిన్ బాగా పనిచేస్తుంది. మన దగ్గర వస్తే గిస్తే ముందు ఎన్నూరు లాంటి రేవుల లోపలా, గనుల్లో, పెద్ద ఫ్యాక్టరీల ఆవరణల్లో వస్తుంది. గేటు బయట నిలబడి ఆ కంటైనరును అందుకునేది మీ బండే.

ఇక ఆ 18 లక్షల బీటెక్. ఇక్కడ నేను కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే ఇరవై ఏళ్లలో ఇలాంటి కోర్సులు పుట్టడం, పోవడం కళ్లారా చూశాను. 2012, 2013 ప్రాంతంలో పెట్రోలియం ఇంజనీరింగ్ అని ఒక ఊపు వచ్చింది. కేజీ బేసిన్ గ్యాస్, పీపా వంద డాలర్లు దాటిన చమురు, గల్ఫ్ జీతాలు అని తల్లిదండ్రులు వరస కట్టారు. ఆ పిల్లలు చదువు ముగించి బయటికొచ్చేసరికి, 2016 మొదట్లో చమురు ధర 30 డాలర్ల కిందికి పడిపోయింది, ఉన్న ఉద్యోగులనే కంపెనీలు తీసేస్తున్నాయి. అప్పుడు నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు, చాలా తెలివైనవాడు, నాన్న పొలం అమ్మి చదివించాడు, చివరికి బ్యాంకు పరీక్షలు రాసి క్లర్కు అయ్యాడు. క్లర్కు ఉద్యోగం తక్కువదని కాదు, ఆ ఉద్యోగానికి ఆ పొలం అమ్మక్కర్లేదు. ఆ రోజు అతను నా ఎదురుగా కూర్చుని ఏడవలేదు, ఏమీ అనలేదు, ఫీజు రసీదులన్నీ ఒక ఫైలులో పెట్టి తెచ్చాడు. ఆ ఫైలు నాకు గుర్తుండిపోయింది. అందుకే ఏ కోర్సు పేరులోనైనా ఈ ఏడాది వార్తల్లో ఉన్న మాట కనపడితే నాకు ముందు భయం వేస్తుంది.

అటానమస్ వెహికల్స్ అనేది ఒక చదువు పేరు కాదమ్మా, అది ఒక వస్తువు పేరు. ఆ వస్తువు వెనక ఉన్నవి మామూలు పాత చదువులే, అంటే మ్యాథ్స్‌లో లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, ప్రోగ్రామింగ్‌లో సీ ప్లస్ ప్లస్, ఎలక్ట్రానిక్స్‌లో సెన్సర్లు, కంట్రోల్ సిస్టమ్స్, మెకానికల్‌లో బ్రేకు, స్టీరింగు. బెంగళూరులో డైమ్లర్ ట్రక్ ఇంజనీరింగ్ కేంద్రం ఉంది, బాష్ ఉంది, చెన్నైలో అశోక్ లేలాండ్ ఉంది, ఒరగడంలో భారత్‌బెంజ్ ఫ్యాక్టరీ ఉంది. అలాంటి చోట్ల పనిచేస్తున్న నా పాత విద్యార్థులు కంప్యూటర్ సైన్సు, ఈసీఈ, ఈఈఈ, మెకానికల్ చదివినవాళ్లు, డిగ్రీ మీద అటానమస్ అన్న మాట ఒక్కరికీ లేదు. ఈసీఈ చదివిన పిల్ల నాలుగో ఏడాదిలో ఈ వైపు ప్రాజెక్టు చేసి వెళ్లగలదు, ఈ రంగం మళ్లీ పడిపోతే ఫోన్లకో, రైల్వే సిగ్నళ్లకో, వైద్య పరికరాలకో మళ్లగలదు. పేరు మీద కట్టుకున్న డిగ్రీకి అలా తిరిగే వీలు తక్కువ. ఆ యూనివర్సిటీకి వెళ్లి, మీ ల్యాబులో కంప్యూటరు చెబితే తిరిగే స్టీరింగు ఉన్న బండి ఒక్కటైనా ఉందా చూపించండి, ఈ సబ్జెక్టు చెప్పే మేష్టారు ఎవరు, మొదటి బ్యాచ్ పిల్లలు ఎక్కడ చేరారు అని అడగండి. బండి బదులు బ్రోషరు చూపిస్తే లేచి వచ్చేయండి.

ఇప్పుడు మీకు నచ్చని మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి, తెచ్చుకున్నా ఫర్వాలేదు. మీ ఇద్దరూ ఒక బండి అమ్మాలనుకున్నారు. ఐదు బండ్లలో ఒకటి అమ్మితే ఆ నెల నుంచే దాని కిరాయి ఆగిపోతుంది, మిగతా నాలుగింటి కంతులు మాత్రం ఆగవు. సంపాదించి పెట్టే బండిని అమ్మి, పిల్ల వద్దంటున్న సీటు కొంటారా? పిల్లకు ఇష్టమై, తిండి మానేసి అడుగుతుంటే అది వేరే సంగతి. మీ ఉత్తరంలో ఆ అమ్మాయి కోరిక ఒక్క వాక్యంలో ఉంది, దాని మీద మీ అభ్యంతరం ఇంకో వాక్యంలో ఉంది, మధ్యలో ఆమెను కూర్చోబెట్టి ఎందుకమ్మా అని అడిగినట్టు ఎక్కడా లేదు. లారీ ఆఫీసులో ఆడపిల్ల ఏంటండీ అని నన్ను అడిగారు. తొమ్మిదో తరగతి నుంచి ఆదివారాలు ఆ ఆఫీసులో ఎవరు కూర్చుంటున్నారు? నాలుగు నెలల హాల్టింగ్ డబ్బులు పోతున్నాయని మీ ఆయన చూడలేదు, గుమాస్తా చూడలేదు, మీ అమ్మాయి చూసింది. ఏ బండి ఏ గోడౌన్ దగ్గర ఎన్ని గంటలు ఆగింది, ఎల్ఆర్ (లారీ రసీదు) మీద వచ్చిన టైము ఎంత, బరువు తూచిన కాటా చీటీ మీద ఎంత అని పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప అది బయటపడదు. ఎంబీఏ చేసిన పిల్లలకు ఈ పని నేర్పడానికి కంపెనీలు ఏడాది తీసుకుంటాయి. మీ ఇంట్లో పుట్టిన ఆ తెలివిని మీరే చిన్నచూపు చూస్తున్నారు. లారీల వాళ్లమ్మాయి అంటే సంబంధాలు రావని కూడా మీ మనసులో ఉండొచ్చు, ఇలాంటి తల్లులు చాలామంది అది నాతో పైకి అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఇరవై రెండేళ్లు మీ ఇంటి అన్నం ఆ లారీలు పెట్టాయి. దాన్ని పిల్ల ముందు తక్కువ చేసి మాట్లాడకండి, దయచేసి.

పోలిక అన్నారు కదా. నా మటుకు నాకు, ఆమె మనసు అటే ఉంటే, ఇప్పటికే పేరున్న ఒక మంచి కాలేజీలో బీకాం మొదటిది. ఖర్చు తక్కువ, సాయంత్రాలు ఆఫీసుకు వెళ్లొచ్చు, జీఎస్టీ, ఖాతాలు బాగా వస్తాయి, తర్వాత ఎటైనా వెళ్లొచ్చు. బీబీఏ లాజిస్టిక్స్ కాలేజీని బట్టి ఉంటుంది, కొన్ని చోట్ల నిర్వచనాలు బట్టీ పట్టించి పంపుతారు, కొన్ని చోట్ల రేవుల్లో, కంటైనర్ ఫ్రైట్ స్టేషన్లలో నెలల తరబడి పని చేయిస్తారు, రెండో రకం అయితేనే చేర్చండి. డిగ్రీ అయ్యాక ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ చెన్నై క్యాంపస్‌లో రేవులు, రవాణా మీద ఎంబీఏ ఉంది, అది మంచి దారి. ఒకవేళ ఆమెకే ఇంజనీరింగ్ మీద కొంచెమైనా మనసుంటే, 91 శాతంతో కౌన్సెలింగ్‌లో వచ్చే ఈసీఈయో, మెకానికలో చూడండి, 18 లక్షలు అక్కర్లేదు. ఆ ప్రైవేటు అటానమస్ బీటెక్ నా లిస్టులో లేదు. ఇంతకు మించి ఈ మూడింటి మధ్య తేడాలు పట్టిక వేసి ఇవ్వొచ్చు, కానీ మీ సమస్య అక్కడ లేదు.

రాత్రి రెండు గంటల ఫోను. అది మోగినప్పుడు ఏం వినాలో అని మీరు ఇరవై రెండేళ్లుగా భయపడుతున్నారు, ఆ ఫోను పిల్ల తలగడ పక్కకు వెళ్లకూడదని మీ కోరిక. మెషిన్ లారీ గురించి మీ ఆయన భయం ఆయనది, మీ భయం ఇది. ఇది చాలా న్యాయమైన భయం, దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే ఒక మాట వినండి. అమెరికాలో బండిని తనంతట తాను నడిపించే ఆ కెమెరాలు, రాడార్లు మన దేశానికి డ్రైవర్‌ను తీసేయడానికి రావడం లేదు, డ్రైవర్‌ను నిద్రపోనివ్వకుండా ఉండటానికి వస్తున్నాయి. డ్రైవర్ కళ్లు మూతపడితే అరిచే పరికరం, ముందు బండికి మరీ దగ్గరైతే తానే వేసే బ్రేకు, లేను దాటితే హెచ్చరిక, ఇవన్నీ కొత్త భారీ వాహనాలకు తప్పనిసరి చేయాలని కేంద్ర రవాణా శాఖ 2025లో ముసాయిదా ఇచ్చింది. కొత్త లారీల క్యాబిన్లలో ఏసీ కూడా 2025 నుంచి తప్పనిసరి అయింది. జీపీఎస్ మీ బండ్లలో ఇప్పటికే ఉండి ఉంటుంది, ఎవరైనా రోజూ తెరిచి చూస్తున్నారా అన్నదే ప్రశ్న. మీ ఆయన తరానికి బండి ఎక్కడుందో తెలిసేది ఫోన్ మోగినప్పుడే. మీ అమ్మాయి చూసుకుంటే, ఏ డ్రైవర్ వరసగా ఎన్ని గంటలు నడుపుతున్నాడో సాయంత్రం ఆరింటికే కనపడుతుంది, ఒంగోలు దగ్గర ఆగి పడుకో అన్నా, పార్టీతో నేను మాట్లాడతాను అని చెప్పగలదు. మన దేశంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రోజుకు 8 గంటలు అని రాశారు, దాన్ని పట్టించుకున్న ఓనర్లు ఎంతమందో మీకు తెలుసు. ఆ పట్టించుకునే ఓనరు మీ ఇంట్లోంచి రావచ్చు. ఫోను అసలు మోగదని నేను మాటివ్వలేను, ఎవరూ ఇవ్వలేరు. తక్కువసార్లు మోగేలా చేసే పని మాత్రం ఆ అమ్మాయి చేస్తానంటున్న పనే.

సీట్ల హడావిడి ఇంకా కొన్ని వారాలు ఉంది కాబట్టి తొందరేమీ లేదు. ఆ యూనివర్సిటీకి అడ్వాన్సు కట్టమని ఫోన్లు చేస్తుంటారు, కట్టకండి. ఈ ఆదివారం అమ్మాయి ఆఫీసుకు వెళ్లేటప్పుడు మీరూ వెళ్లండి, ఆమె పక్కన ఒక గంట కూర్చుని ఏం చేస్తోందో చూడండి, ఆ హాల్టింగ్ డబ్బులు ఎలా పట్టుకున్నావమ్మా అని మొదటి నుంచి చెప్పించుకోండి. మీ ఆయన్ని కూడా కూర్చోమనండి. ఆ తర్వాత ముగ్గురూ కలిసి రండి, కాలేజీ ఏదో అప్పుడు చూద్దాం. బండి అమ్మే మాట మాత్రం అప్పటిదాకా ఏ బ్రోకరుతోనూ అనకండి.